మొలతాడు

తెలుగులో తామర అంటే పువ్వూ అదే, జబ్బూ అదే. పువ్వు మీద పద్యాలు కావలసినన్ని ఉన్నాయి. జబ్బు గురించి మాత్రం బస్టాండు గోడల మీద ప్రకటనలు తప్ప నేను చదివింది దాదాపు ఏమీ లేదు. గజ్జి, తామర అని జంటగా పలికి నవ్వుకోవడం మనకి అలవాటు. నేనూ అలా నవ్వినవాణ్ణే, నాకు వచ్చేదాకా.

వచ్చింది 2018 వేసవిలో. అప్పుడు మాదాపూర్‌లో ఒక పీజీ హాస్టల్లో ఉండేవాణ్ణి. గదికి ముగ్గురం, బాల్కనీ లేదు. కిటికీ ఊచకీ అల్మరా పిడికీ మధ్య కట్టిన ప్లాస్టిక్ తాడు మీదే అందరి బట్టలూ ఆరాలి. అవి పూర్తిగా ఆరిన రోజు నాకు గుర్తులేదు. సగం తడి డ్రాయరు మీద బిగుతు జీన్సు ఎక్కించి, బెల్టు పెట్టి, తొమ్మిదీ పది గంటలు కుర్చీకి అతుక్కుని కూర్చోవడమే ఉద్యోగం. హడావుడిగా వెళ్ళేటప్పుడు ఎవరి తువ్వాలు చేతికి అందితే అదే.

గజ్జల్లో రూపాయి బిళ్ళంత మచ్చ లేచింది. చుట్టూ ఎర్రటి అంచు, మధ్యలో మామూలు చర్మం. శుభ్రత తక్కువైందేమో అనుకుని రోజుకి రెండుసార్లు ఘాటైన సబ్బుతో రుద్ది రుద్ది స్నానం చేశాను. చర్మం ఒరుసుకుపోయింది, మచ్చ పెరిగింది. చివరికి ఒక మందుల షాపుకి వెళ్ళి, ఆడవాళ్ళు వెళ్ళిపోయేదాకా పక్కన నిలబడి, కౌంటర్లో కుర్రాడికి గొంతు తగ్గించి చెప్పాను. నేను వాక్యం పూర్తి చేయకముందే ట్యూబు బల్ల మీద పెట్టేశాడు.

రెండే రోజుల్లో దురద మాయం. వారంలో ఎరుపు పోయింది. రాయడం ఆపితే పది రోజుల్లో మళ్ళీ వచ్చింది, ఈసారి అరచెయ్యంత. మళ్ళీ ట్యూబు. ఇలా రెండేళ్ళు గడిపాను. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, రోజూ లాగులు చూసి తప్పు ఎక్కడుందో వెతికే పని నాది. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఏముందో మాత్రం ఒక్కసారి చదవలేదు. అందులో ఫంగస్ మందు ఒకటి, బాక్టీరియా మందు ఒకటి, వాటితో పాటు క్లోబెటసాల్. చర్మానికి పూసే స్టెరాయిడ్లలో అన్నిటికంటే బలమైన తరగతిలోది. ఎరుపూ దురదా ఫంగస్ మీద ఒళ్ళు చేసే పోట్లాట. స్టెరాయిడ్ ఆ పోట్లాటని ఆపుతుంది. ఫంగస్‌కి అంతకన్నా ఏం కావాలి, నిశ్శబ్దంగా పాకుతుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే బగ్గుని వదిలేసి అలర్టుని మ్యూట్ చేయడం. అలా చేసిన జూనియర్లని నేను మీటింగుల్లో కడిగేశాను కూడా.

ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు కొన్నిటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్ర ప్రభుత్వం 2018లోనే చెప్పిందని తర్వాత చదివాను. నన్ను ఎవరూ చీటీ అడగలేదు. నేనూ, అడిగే షాపుకి వెళ్ళేవాణ్ణి కాదేమో.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. ల్యాప్‌టాపు, నాలుగు జతల బట్టలు, ఆ ట్యూబు పట్టుకుని తెనాలి దగ్గర మా ఊరు చేరాను. ఇంట్లో బాత్‌రూమ్ ఒక్కటే. ట్యూబుని అరలో నాన్న షేవింగ్ డబ్బా వెనక దాచేవాణ్ణి. ఆగస్టు వచ్చేసరికి అది తొందర తొందరగా అయిపోతున్నట్టు అనిపించింది. ఎక్కువ రాస్తున్నానేమో అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్న నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, కిందికి దించకుండానే అన్నాడు: "ఏరా, ఆ ట్యూబు అయిపోయింది. బజారుకెళ్తే ఇంకోటి పట్రా."

ఆ వాక్యం అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. నా తువ్వాలు ఆయన వాడాడు, లేదా ఆయనది నేను వాడాను. బట్టలన్నీ ఒకే మిషన్లో పడేవి. అరవై ఆరేళ్ళ మనిషి, షుగరు ఉంది, ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాడు. కొడుకు దాచిన మందు దొరికితే దాన్ని దొంగతనంగా రాసుకున్నాడు కానీ నాలుగు నెలలు నోరు విప్పలేదు. వసారాలో గాలి బాగుందని విడిగా పడుకుంటున్నది అందుకని అమ్మకీ తెలియదు.

గుంటూరులో చర్మ డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్ళాం. నడుం చుట్టూ, వీపు కింది దాకా పాకింది ఆయనకి. నా తొడల లోపల చర్మం పల్చబడి చారలు పడ్డాయి, అవి ఇక పోవు అందావిడ. చిన్న బ్లేడుతో పొట్టు గీకి, గాజు పలక మీద ఏదో చుక్క వేసి మైక్రోస్కోపులో చూసింది. ఆ తర్వాత అడిగినవేవీ మందుల ప్రశ్నలు కావు. బట్టలు ఎక్కడ ఆరేస్తారు? జీన్సు ఎన్నిసార్లు తొడిగాక ఉతుకుతారు? స్నానం అయ్యాక తుడుచుకుని ఆగుతారా, వెంటనే తొడుక్కుంటారా? తువ్వాళ్ళు ఎన్ని? మందు మచ్చ పోయాక కూడా వారాల తరబడి మింగాలంది. బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి ఎండలో తిరగేసి ఆరేయాలి, వదులు నూలు బట్టలే కట్టాలి. చివరికి నాన్న నడుం వైపు చూసి, "ఈ మొలతాడు తీసేయండి. ఎప్పుడూ చెమ్మగా ఉండేది ఇదే" అంది.

మా నాయనమ్మ ఒకరి తువ్వాలు ఒకరు ముట్టుకుంటే ఊరుకునేది కాదు, దండెం మీద ఎవరి గుడ్డ వాళ్ళదే. ఇది చెబితే, చూశావా పెద్దవాళ్ళ సైన్సు అంటారు వాట్సాప్‌లో. ఆ నాయనమ్మే పాలేరుకి గ్లాసు వేరుగా బయట గూట్లో పెట్టించింది. పైగా ఈ మొలతాడు కూడా పెద్దవాళ్ళు కట్టిందే. కాబట్టి ఆ లెక్క నాకు కుదరలేదు.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు. మా వైపు మగవాడి మొలతాడు తెంచేది భార్య పోయినప్పుడు. "నేను బతికుండగా తెంచుకుంటారా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. మూడు రోజులు ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. కొడుకు మోసుకొచ్చిన జబ్బు అని ఆవిడ ఒక్కసారైనా అనుంటే నాకు తేలికగా ఉండేది. అనలేదు.

నాలుగోనాడు నాన్న స్నానం చేసి వచ్చేసరికి నడుముకి తాడు లేదు. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. తడి తాడు తీసుకెళ్ళి తులసి కోట మీద పెట్టింది.

సంక్రాంతి దాటాక గానీ డాక్టరు మందులు ఆపమనలేదు. ఆ సాయంత్రమే అమ్మ బజారు నుంచి కొత్త మొలతాడు తెచ్చింది. నాన్న దాన్ని వేడినీళ్ళలో ముంచి, పిండి, కట్టుకోబోయే ముందు రెండు రోజులు దండెం మీద ఎండలో వేలాడదీశాడు, నా తువ్వాలుకి బాగా ఎడంగా.