మూరకు ఎన్ని ఆంగ్‌స్ట్రామ్‌లు?

మా ల్యాబులో గ్రేటింగు పలక అంచున ఒక అంకె ఉంటుంది: అంగుళానికి 15,000 గీతలు. దాంతో కొలవాల్సింది సోడియం దీపం పసుపు వెలుగు తరంగదైర్ఘ్యం, అదీ ఆంగ్‌స్ట్రామ్‌లలో. ఆమదాలవలసలో డిగ్రీ పిల్లలకు ఇన్నేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. వడ్రంగి టేపు మీది అంగుళాన్ని పరమాణువుల కొలతలోకి దించడం దగ్గరే ప్రతి బ్యాచీ ఒకసారి ఆగుతుంది.

పది ఘాతం మైనస్ పది అంటే ముఖాలు వాడిపోతాయి. అదే కోట్లలో చెప్పండి, వెంటనే అందుకుంటారు. ఇళ్లస్థలాల ధరలు వింటూ పెరిగిన చెవులు కదా! సెంటీమీటరుకు పది కోట్ల ఆంగ్‌స్ట్రామ్‌లు. అంగుళమంటే సరిగ్గా 2.54 సెంటీమీటర్లు. 1959లో ఇంగ్లిషు మాట్లాడే దేశాలు కొన్ని కూర్చుని ఒప్పుకున్న లెక్క అది, ఉజ్జాయింపు కాదు. కాబట్టి అంగుళానికి 25 కోట్ల 40 లక్షలు. 15 వేలతో భాగిస్తే గీతకూ గీతకూ మధ్య 16,933 ఆంగ్‌స్ట్రామ్‌లు. స్పెక్ట్రోమీటరు తిప్పితే 20 డిగ్రీలు దాటాక పసుపు గీత కనిపిస్తుంది. లెక్కకడితే 5,893కు అటూ ఇటూగా వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంటుంది. మూర దగ్గరే పేచీ. మూరంటే అర గజం, 18 అంగుళాలు. బోర్డు మీద గుణిస్తే 457 కోట్ల 20 లక్షల ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒకసారి వెనక బెంచీలోంచి ప్రశ్న వచ్చింది. “ఏ మూర సార్? పూలు అమ్మీవాళ్ల మూరా, కొనీవాళ్ల మూరా?” క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఆ ప్రశ్నను వదల్లేదు. రైల్వేవాళ్లు శ్రీకాకుళం రోడ్డని పిలిచే మా స్టేషన్ బయట మల్లెపూలు కొన్నవాళ్లకు తెలుసు, మోచేతి నుంచి నడిమివేలి కొస దాకా ఏ ఇద్దరి చేతులూ ఒకటి కావు. ఒక్క వేలి మందం తేడా వస్తే పద్దెనిమిది, పంతొమ్మిది కోట్ల ఆంగ్‌స్ట్రామ్‌లు ఎగిరిపోతాయి. అలాంటప్పుడు ఆ చివరి 20 లక్షలకు అర్థమేముంది? అందుకే పూలమూరకైతే ‘సుమారు 450 కోట్లు’ అని రాసినవాడికే మార్కులిస్తాను. కాలిక్యులేటర్ చూపించిన పది అంకెలూ దింపేసినవాడికి ఎర్ర సిరా తప్పదు.

ఏటా ఎవరో ఒకరు కౌటిల్యుణ్ణి తెస్తారు. అర్థశాస్త్రంలో కొలతల లెక్క ఉంది: ఎనిమిది పరమాణువులు రథచక్రం రేపిన ఒక ధూళికణం, ఎనిమిది కణాలు ఒక లిక్ష అంటే ఈపి, ఎనిమిది ఈపులు ఒక పేను, ఎనిమిది పేలు ఒక యవగింజ, ఎనిమిది యవలు ఒక అంగుళం. ఎనిమిదిని అయిదుసార్లు హెచ్చవేస్తే అంగుళానికి 32,768 పరమాణువులు. ఆ లెక్కలో మూరకు 24 అంగుళాలు. మన 18 అంగుళాల మూరనే తీసుకుంటే పాత అంగుళం ముప్పావు అంగుళమవుతుంది. అప్పుడు పరమాణువు పొడవు దాదాపు 5,800 ఆంగ్‌స్ట్రామ్‌లు. అచ్చం పసుపు వెలుగు! “చూశారా సార్, మనవాళ్లకు అప్పుడే తెలుసు” అంటాడు తెచ్చినవాడు. సరే, ఆ అంగుళాన్ని నేటి అంగుళమనుకుని మళ్లీ చెయ్యమంటాను. 7,750 వస్తుంది, ఎరుపు కూడా దాటి కంటికి ఆనని చోటికి పోతుంది. పైగా హైడ్రోజన్ పరమాణువు అడ్డుకొలత ఒక ఆంగ్‌స్ట్రామే. నాకు మాత్రం పసుపు వెలుగు కన్నా ఆ నిచ్చెనే గొప్ప. దూదిలా తేలే ధూళిని కూడా ఎనిమిదితో భాగించాలని తోచడం తక్కువ సంగతా?

పెద్ద కొలతలో తప్పు చిన్న కొలతను ఎలా పాడుచేస్తుందో ఆంగ్‌స్ట్రామ్ కథే చెబుతుంది. ఈ కొలతకు పేరిచ్చిన ఆ స్వీడన్ శాస్త్రవేత్త 1868లో సూర్యుడి వర్ణపటం గీసి, గీతల తరంగదైర్ఘ్యాలను మీటరులో వెయ్యి కోట్లవంతుగా అచ్చువేశాడు. ఆయన మీటరు కడ్డీని పారిస్‌లో అసలు మీటరుతో సరిపోల్చారు. అక్కడ చెప్పిన సవరణే తప్పు. దాన్ని నమ్మి దిద్దుకుంటే, దిద్దని అంకెలకన్నా దిద్దిన అంకెలే ఎక్కువ తప్పయ్యాయి. 1874లో ఆయన పోయాక గాని ఆ లెక్కలు సర్దుకోలేదు.

మా పక్కనున్న పొందూరు నుంచి వచ్చే పిల్లల ఇళ్లలో నూలుకు కౌంట్ల లెక్క ఉంది. పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. నూరో నంబరు నూలు కిలో సాగదీస్తే దాదాపు 169 కిలోమీటర్లు, ఇక్కణ్ణించి విశాఖ దాటిపోతుంది. దాని మందం అంగుళంలో 280వ వంతు అని నూలు పుస్తకాల సూత్రం, అంటే తొమ్మిది లక్షల ఆంగ్‌స్ట్రామ్‌లు. ఒక నేతింటి అమ్మాయి ఆ పోగు తెచ్చి లేజర్‌కు అడ్డంగా బిగించింది. రెండు మీటర్ల అవతల గోడ మీద చీకటి చారలు సెంటీమీటరున్నర ఎడంగా పడ్డాయి. నూగు వల్ల అంచులు మసక. పోగును కాస్త జరిపితే చారల ఎడం మారింది, ఇంకాస్త జరిపితే ఇంకోలా మారింది. “చేత్తో వడికింది కదండీ, ఎక్కడ కొలవమంటారు?” అంది. అన్నిచోట్లా కొలవమన్నాను. రికార్డులో ఒకే అంకె రాయకుండా కొలతలన్నీ వరసగా రాసి, కింద చిన్నదీ పెద్దదీ గీత గీసి చూపించింది. అలాగే ఉంచమని సంతకం పెట్టాను.