పికప్ ఖరీదెంత?

కాగితం మీద చూస్తే మా స్విఫ్టే నెగ్గాలి. దాని 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్ 90 పీఎస్ శక్తినిస్తుంది, బరువు సుమారు 900 కిలోలు. మా బావమరిది నెక్సాన్ ఈవీ 129 పీఎస్ ఇస్తుంది గానీ బ్యాటరీతో కలిపి 1,400 కిలోలు తూగుతుంది. టన్నుకు ఎంత శక్తి అని భాగిస్తే స్విఫ్ట్‌కు 100 పీఎస్, నెక్సాన్‌కు 92. అయినా సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి నెక్సాన్ 9.9 సెకన్లలో చేరుతుందని కంపెనీ చెబుతుంది. స్విఫ్ట్‌కు 12 సెకన్ల అటూఇటూ కావాలి. "బావా, నువ్వు గేరు మార్చేలోపు నేను కనపడను" అని వాడు ఏడిపిస్తుంటాడు. నిజమే, కనపడడు.

కిటుకు ఏమిటంటే, బ్రోచర్‌లోని పీఎస్ అంకె ఉద్యోగంలో సీటీసీ లాంటిది. నెలాఖరుకు చేతికొచ్చేది వేరు. స్విఫ్ట్ ఇంజన్ ఆ 90 పీఎస్‌ను 6,000 ఆర్‌పీఎం దగ్గర మాత్రమే ఇస్తుంది. ఊళ్లో మనం తిప్పే 2,000 దగ్గర దక్కేది అందులో మూడో వంతు అటూఇటూ. పైగా గేరు మార్చిన ప్రతిసారీ క్లచ్ నొక్కినంతసేపు చక్రాలకు ఏమీ అందదు. ఎలక్ట్రిక్ మోటార్‌కు ఈ బాధలు లేవు. 245 న్యూటన్ మీటర్ల టార్క్ కదలిన క్షణం నుంచే సిద్ధంగా ఉంటుంది, మార్చడానికి గేర్లు లేవు. అందుకే ఫ్లైఓవర్ కింద యూటర్న్ తీసుకుని వాహనాల వరసలో కలిసేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది.

2021 చివర్లో ఇద్దరం ఒకేసారి కార్లు చూశాం. ఆ పికప్ నాకూ నచ్చింది. దానికి ఎంత చెల్లించాలన్నదే నా ప్రశ్న.

చాలామంది అనుకునేట్టు వేగం ఖర్చు ఇంధనంలో లేదు. హైస్కూలు భౌతికశాస్త్రం చాలు: బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజ శక్తి. డ్రైవర్‌తో కలిపి నెక్సాన్‌ను వంద వేగానికి తీసుకెళ్లడానికి కావలసింది సుమారు 0.16 యూనిట్ల కరెంటు. యూనిట్ 9 రూపాయలనుకున్నా రూపాయిన్నర లోపే. బ్రేక్ వేసినప్పుడు అందులో కొంత తిరిగి బ్యాటరీలోకి వస్తుంది. స్విఫ్ట్ విషయంలో ఇంధనంలోని శక్తిలో పాతిక శాతమే చక్రాలకు చేరుతుందనుకుంటే, లీటరు 108 రూపాయల లెక్కన ఒక్క పరుగుకు అయిదు రూపాయల పెట్రోల్. గాలి నిరోధం, టైర్ల రాపిడి కలిపితే ఇంకొంచెం. రోజూ పదిసార్లు సరదా తీర్చుకున్నా సంసారం మునగదు.

అసలు డబ్బు పోయేది తాళం తిప్పకముందే. నేను చూసిన స్విఫ్ట్ షోరూమ్ ధర 7 లక్షల పైచిలుకు, వాడు చూసిన నెక్సాన్ సుమారు 15 లక్షలు. ఈవీకి జీఎస్టీ 5 శాతమే, స్విఫ్ట్‌కు అప్పట్లో సెస్సుతో కలిపి 29 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2020 విధానంలో తొలి 5,000 ఎలక్ట్రిక్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు రద్దు చేసింది. ఇవన్నీ కలుపుకున్నాక కూడా రోడ్డెక్కేసరికి తేడా 7 లక్షల దగ్గర తేలింది.

బీమాలో ఒక విచిత్రం ఉంది. పెట్రోల్ కారుకు థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ఇంజన్ సీసీని బట్టి వేస్తారు, ఈవీకి మోటార్ కిలోవాట్లను బట్టి. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుంచి 1,500 సీసీ కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. 65 కిలోవాట్లు దాటిన ఈవీకి 6,712. నెక్సాన్ మోటార్ 95 కిలోవాట్లది. అంటే ఈవీ విషయంలో పికప్‌కు నేరుగా బిల్లు పడుతున్నట్టే. తరుగుదల మరో పద్దు. మూడేళ్లు దాటి నాలుగో ఏడు నడుస్తున్న కారు విలువలో బీమా పట్టిక 40 శాతం కోసేస్తుంది. 7 లక్షల కారుకు ఆ కోత 2.8 లక్షలు, 15 లక్షల కారుకు 6 లక్షలు.

ఇక ఆదా. ఊళ్లో స్విఫ్ట్ లీటరుకు 16 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే కిలోమీటరుకు 6 రూపాయల 75 పైసలు. ఇంట్లో చార్జ్ చేసుకునే ఈవీకి నష్టాలతో కలిపి రూపాయిన్నర. కిలోమీటరుకు 5 రూపాయలు మిగులుతుందని గుండుగుత్తగా పట్టుకున్నాను.

ఆ 7 లక్షలు నా దగ్గర లేవు. 9 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు తీసుకుంటే నెలకు 14,500 రూపాయల ఈఎంఐ. నేను నెలకు తిరిగేది వెయ్యి కిలోమీటర్లు, ఆదా 5,000. మిగిలిన 9,500 ప్రతి నెలా నా జేబులోంచి పోవాలి. బావమరిది కథ వేరు. రోజూ హైదరాబాద్ నుంచి షాద్‌నగర్ దగ్గరి ఫ్యాక్టరీకి వెళ్లి వస్తాడు, నెలకు 2,500 కిలోమీటర్లు. ఆదా 12,500. ఈఎంఐకి దాదాపు సరిపోయింది. 2023 మార్చిలోపు మంజూరైన ఈవీ అప్పులకు ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80ఈఈబీ కింద ఏడాదికి లక్షన్నర దాకా వడ్డీపై మినహాయింపు ఉండేది, పాత పన్ను విధానంలో ఉన్న వాడికి అదీ కలిసొచ్చింది.

కాబట్టి వాడు ఈవీ తీసుకున్నాడు, నేను స్విఫ్ట్ తీసుకున్నాను. ఆ 9,500 ఇండెక్స్ ఫండ్ సిప్‌లోకి మళ్లించాను. మార్కెట్ ఎలా ఉన్నా అయిదేళ్లలో నేను వేసే అసలే 5.7 లక్షలు. ఒకే పికప్ వాడికి ఉచితంగా వచ్చింది, నాకైతే నెలవారీ చందా అయ్యేది.

ఆ చందా కట్టడం తప్పని నేను అనను. కారు నడపడమే సరదా అయినవాళ్లు సినిమాకు, ప్రయాణాలకు పెట్టినట్టే దీనికీ పెట్టుకోవచ్చు. కాకపోతే దాన్ని 'పెట్రోల్ ఆదా' పద్దులో రాసుకుంటే లెక్క తప్పుతుంది, వినోదం పద్దులో రాసుకోవాలి. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లే ముందే మీ నెల కిలోమీటర్లను 5తో గుణించి ఒక కాగితం మీద రాసుకోండి. పక్కనే రెండు కార్ల ధరల తేడాకు పడే ఈఎంఐ వేయండి. మొదటి అంకె పెద్దదైతే ధైర్యంగా తొక్కండి. రెండోది పెద్దదైతే, ఆ తేడా మీ నెలవారీ వినోదం ఖర్చును మించుతోందో లేదో చూసుకుని అప్పుడు తాళాలు అడగండి.