ఓపీ కిటికీ దగ్గర నాలుగు ప్రశ్నలు

క్షయ (టీబీ) గాలి ద్వారా సోకే జబ్బు. ఊపిరితిత్తుల టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు వెలువడే సన్నని తుంపరల్లోని క్రిములు గాలి ఆడని గదిలో గంటల తరబడి నిలుస్తాయి. జిల్లా ఆసుపత్రి ఓపీలో మోకాలి నొప్పికి వచ్చిన పెద్దాయన, సుగరు మాత్రల కోసం వచ్చినామె, చంటిబిడ్డ తల్లి ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అందుకే జబ్బును పసిగట్టే పని డాక్టరు గదిలో కాదు, చీటీ రాసే కిటికీ దగ్గరే మొదలవ్వాలి.

అక్కడ అడగాల్సినవి నాలుగు: రెండు వారాలుగా దగ్గు ఉందా? జ్వరం వస్తోందా? బరువు తగ్గారా? రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా? హెచ్‌ఐవీ ఉన్నవారికి దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉన్నా లెక్కలోకి వస్తుంది. జవాబు రోగి దగ్గరే ఉంది. బీడీ దగ్గేలే అని కొందరు కొట్టిపారేస్తారు, అత్తింట్లో తెలుస్తుందని కొందరు దాస్తారు. వరుసంతా వినేలా కాక మెల్లగా అడిగితే నిజం బయటికొస్తుంది.

అవునన్నవారికి మాస్కు ఇచ్చి, గాలి ఆడే వరండాలో కూర్చోబెట్టి, అందరికంటే ముందు లోపలికి పంపాలి.

తర్వాతది తెమడ పరీక్ష. దీని ఫలితం కూడా రోగి చేతిలోనే ఉంటుంది. నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, లోతుగా దగ్గితే తెమడ వస్తుంది. ఉమ్మితో లాభం లేదు. ఇదంతా ఆరుబయట, జనానికి దూరంగా చేయాలని సిబ్బంది చేసి చూపిస్తూ చెప్పాలి. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం సుమారు గంటలో టీబీ ఉందో లేదో తేలుస్తుంది. ఉన్నట్టు తేలితే, టీబీకి వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో అదే నమూనాతో మరో చిప్‌పై చూస్తారు. బ్యాటరీతోనూ నడుస్తుంది కాబట్టి చిన్న ఆరోగ్య కేంద్రాల్లోనూ వాడవచ్చు.

జబ్బు తేలిన రోగి పేరు టీబీ రోగుల ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదవుతుంది. చికిత్స సాగినన్నాళ్లూ పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుంచి 1,000కి పెంచారు. ఇంట్లో ఎవరెవరు ఉంటారో రోగి చెబితేనే ఆరోగ్య సిబ్బంది వారిని పరీక్షించగలరు. టీబీ లేదని తేలినవారికి, ముఖ్యంగా అయిదేళ్లలోపు పిల్లలకు, జబ్బు రాకుండా ముందుజాగ్రత్త మందులు ఇస్తారు. టీబీ నుంచి కోలుకుని ‘టీబీ ఛాంపియన్లు’గా ఇతర రోగులకు తోడ్పడేవారు ఈ దశలో కుటుంబాలతో మాట్లాడి భయం పోగొడతారు.