సంజీవనికీ ఒక లెక్క

ఆదివారం మధ్యాహ్నం భోజనాలైన పిమ్మట, బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని ఆ ఇంట భోజనాల బల్ల రణరంగంగా మారుతుంది. నలుగురు కాలేజీ పిల్లలు, కాగితాలు, పెన్సిళ్లు, నాలుగు ముఖాలు మొదలు ఇరవై ముఖాల దాకా ఉన్న పాచికలు. ఒకడు సూత్రధారి. గుహలో రాక్షసులున్నారని అతడు కథ ఎత్తుకుంటాడు, మిగిలినవారు ఆ కథలో వీరులవుతారు. వేటు తగిలిందో లేదో పాచిక తేలుస్తుంది. తగిలినప్పుడల్లా వీరుని ప్రాణాంకాలు తగ్గుతాయి. సున్నాకు దిగితే నేలకొరగవలసిందే.

వరండాలో పత్రిక చదువుకొనే తాతగారికి ఈ గోల అలవాటే. ఆయన గూడ్సు గార్డుగా పనిచేసి విరమించారు. 2022లో ఆ ఉద్యోగానికి ట్రెయిన్ మేనేజర్ అని పేరు మార్చారు గాని, ఆయన మాత్రం తాను గార్డుననే చెప్పుకుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజులలో ఆయన తండ్రి శ్రీకాకుళం వైపు నుండి కొలువుకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు.

ఒక ఆదివారం మనుమరాలి గొంతు హెచ్చింది. ఆటలో ఆమెది వైద్యం తెలిసిన పూజారిణి పాత్ర. ఆమె వంతు రాగానే ముగ్గురూ ఒక్కసారిగా, “వాణ్ణి లేపు, వాణ్ణి లేపు” అంటారు. ఆమె పెన్సిలు బల్లమీద పడవేసి, “మీకు కావలసింది నేను కాదు, మందుసీసా! వచ్చే వారం నన్ను పిలవకండి,” అన్నది. ఆ నలుగురిలో ఒకరు లేకపోతే ఆట సాగదు. నాలుగేళ్ల స్నేహం కూడా అంతటితో నిలిచేలా లేదు.

ఈ తగవు ఆ ఇంట పుట్టినది కాదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను ప్రచురించిననాటి నుండి ఇది నడుస్తూనే ఉన్నది. తొలి నియమాలలో పూజారికి మొదటి అంతస్తులో ఒక్క మంత్రమైనా లేదు. విశ్రాంతితోనే గాయాలు మానాలంటే రోజులు, వారాలు పట్టేవి. కనుక వైద్యుడు లేనిదే యాత్ర లేదు, ఇష్టమున్నా లేకున్నా ఎవరో ఒకరు ఆ పాత్ర మోయక తప్పదు. 2000 నాటి నియమాలలో యాభై మార్లు పనిచేసే వైద్యదండం అంగట్లో దొరికింది, చికిత్స సరుకైపోయింది. 2008లో ప్రతి వీరునికీ తన గాయం తానే మాన్పుకొనే శక్తి ఇచ్చారు. న్యాయమైన ఏర్పాటే, కాని గాయానికి భయపడేవారు తగ్గారు. 2014 నియమాల ప్రకారం ఒక రాత్రి నిద్రపోతే పోయిన ప్రాణాంకాలన్నీ తిరిగి వస్తాయి. పైగా పడినవాణ్ణి చిన్న మంత్రంతో లేపవచ్చును గనుక, పడక మునుపు వైద్యం చేయడం దండగ అయింది. 2024లో గాయం మాన్పే మంత్రానికి ఒక పాచిక బదులు రెండు వేయమన్నారు. మందు మోతాదు యాభై ఏళ్లుగా పెరుగుతూ తరుగుతూ ఉన్నది గాని, దానిని ఎవరు నిర్ణయించాలన్న మాట మాత్రం అంతగా ఎవరికీ తట్టినట్లు లేదు.

తాతగారు పత్రిక మడిచి లోపలికి వచ్చారు.

“శుక్రాచార్యుని కథ విన్నారా?” అన్నారు. మృతసంజీవని ఉన్నది రాక్షసుల పక్షాన. చచ్చిన రాక్షసుడు లేచి వస్తాడు, చచ్చిన దేవుడు లేవడు. అది ఆట కాదు, అన్యాయం. అందుకే దేవతలు కచుని శిష్యరికానికి పంపారు. రాక్షసులు అతన్ని చంపిన కొద్దీ గురువు బ్రతికించాడు. చివరకు కాల్చి, ఆ బూడిదను మద్యంలో కలిపి గురువుచేతనే త్రాగించారు. ఇప్పుడు కచుడు బయటికి రావాలంటే గురువు పొట్ట చీలాలి. “అంతవరకు ఆ మంత్రం వాడినందుకు శుక్రునికి పోయిందేమీ లేదు. అప్పుడు గాని దాని వెల తెలియలేదు,” అన్నారు తాతగారు.

సూత్రధారి కుర్రవాడు ఆలోచనలో పడ్డాడు. “అయితే మంత్రాలు తగ్గించమంటారా, తాతయ్యా?”

“తగ్గిస్తే దీన్ని ఇంకా పీడిస్తారు.”

ఆయన తన బ్రేకువ్యాను సంగతి ఎత్తారు. కట్నీ లైనులో భన్వర్‌టోంక్ ఘాట్ అడవి మధ్య బండి ఆగితే, గార్డు దగ్గర ఉండేది ఒక ప్రథమచికిత్స పెట్టె మాత్రమే. ఒకనాడు గట్టుమీది నుండి జారి ఒక గ్యాంగ్‌మన్ కాలు చితికింది. అతన్ని లేపబోయిన మరొకతని నుదురు చిట్లి మొగమంతా నెత్తురు. చూడడానికి నుదురే భయంకరం, అందరూ దానికే కట్టమన్నారు. ఆయన పెద్దకట్టు కాలికే కట్టి, నుదుటివానికి తువ్వాలు ఇచ్చి గట్టిగా అదుముకోమన్నారు.

“పెట్టెలో ఏమున్నదో అందరికీ తెలుసు. ఎవరికి కట్టాలన్నది నేనే చెప్పాను. తువ్వాలు మాత్రం ఎవరిది వారిదే.”

ఆ వారం కుర్రవాడు నియమాలు తిరగరాశాడు. యాత్రకు మూడే మంత్రాలు. ప్రతివాడూ తన కట్టుగుడ్డ తానే మోసుకోవాలి. వైద్యురాలి వంతు వచ్చినప్పుడు తక్కినవారు నోరు మెదపరాదు.

మరుసటి ఆదివారం ఆమె వచ్చింది. నడి పోరులో ఖడ్గధారి కూలాడు. ఆమె దగ్గర ఒక్క మంత్రమే మిగిలి ఉన్నది. ఎవరూ మాటాడలేదు. ఆమె చాలాసేపు కాగితం చూసుకుని, “నేను గుహద్వారం మూస్తాను,” అన్నది. బయట ఇంకా రాక్షసులున్నారు మరి.

పడినవాని బ్రతుకు ఇక పాచికదే. ఇరవై ముఖాల పాచికపై పదో, అంతకు మించో పడితే మేలు. మూడు మార్లు తప్పితే మరణం. మొదటిది నాలుగు. రెండవది ఏడు. మూడవ మారు పాచిక బల్ల అంచు దాటి నేలమీద దొర్లి, తాతగారి కుర్చీ క్రిందికి పోయింది. ఆయన కళ్లజోడు సవరించుకొని వంగారు.