పాడిగేదెను కొనకముందు

కోటిపల్లి రేవున పంటెక్కి గౌతమిని దాటి, ముక్తేశ్వరమునకు సమీపమున కొబ్బరితోటల నడుమనున్న యొక పల్లెకు గేదెను చూడబోతిమి. మావారు పండ్లు చూచి, వయసు నిర్ణయించి, బయానా నీయబోయిరి. నేను వలదంటిని. మునుపిట్లే తొందరపడి కొన్న గేదె మా యింట చెంబెడు పాలైన నీయలేదు. సోదరీమణులారా, బెదరిన పశువు చేపదు. ఆక్సిటోసిన్ అను రసము రక్తమున కలిసిననే పాలు దిగును. భయము దాని నడ్డగించును.

ఆ రాత్రి బంధువులయింట నుంటిమి. సాయంకాలము నేనే తవుడు కలిపి పెట్టి, మెడ గోకితిని. తొలుత తల విసరినది. పిదప నా చేయి వాసన చూచినది. వేకువను దూడను విడిచి, పొదుగు కడిగి కూర్చుంటిని. గేదె కదలక నెమరు వేయసాగినది. కొంతసేపటికి చేపినది.

"ఇక రూకలు లెక్కపెట్టుడు" అని మావారితో నంటిని.