ఖాలీ డబ్బా కూడా జగా తింటుంది

రంజాన్‌లో సరిగ్గా ఇఫ్తార్ టైముకే మా సర్వర్ పడిపోయేది. ఖర్జూరం నోట్లో పెట్టుకున్నానో లేదో ఫోన్ మోగేది. "మెమరీ చాలట్లేదంట, చూడు." మూడు రోజులు ఇదే తంతు.

పార్సెళ్ల లెక్కలు చూసే జావా ప్రోగ్రాం అది. సాయంత్రం రిపోర్టుకి 40 లక్షల పార్సెళ్లను ఒకేసారి మెమరీలోకి ఎక్కిస్తుంది. డేటాబేస్‌లోనే లెక్క తీయొచ్చుగా అంటారేమో, డేటాబేస్ మా చేతిలో లేదు, వాళ్లు రోజుకో ఫైలు పంపుతారు. మాకిచ్చిన హీప్ 1 జీబీ. ఇంకో జీబీ అడిగితే మేనేజర్ "కోడ్ రాసింది నువ్వేగా" అన్నాడు. నాదేమో కాంట్రాక్టు నౌకరీ, ఈద్ తర్వాత రెన్యువల్. తరావీలో నిలబడ్డా దిల్ సర్వర్ దగ్గరే.

నాలుగో రోజు సెహ్రీ అయ్యాక, ఫజర్ చదివి పడుకోకుండా, ఒక్క పార్సెల్‌కి ఎంత జగా పడుతుందో కాయితం మీద హిసాబ్ వేశా. మా జావాలో ప్రతి ఆబ్జెక్టు నెత్తిన 12 బైట్ల హెడర్. పైగా మొత్తం సైజు ఎప్పుడూ 8 గుణకానికి పెరుగుతుంది. నేను తేదీ, బరువు, ధర మూడూ 'ఇంట్' అని కాక 'ఇంటీజర్' అని రాశా. 4 బైట్ల అంకెకి 16 బైట్ల ఆబ్జెక్టు, దాన్ని చూపించే రిఫరెన్స్ ఇంకో 4. పార్సెల్ నంబర్ కూడా అలాగే, 8తో పోయేది 28 అయింది. నల్ పెట్టుకోవచ్చని అప్పట్లో నా తెలివి. ఏ పార్సెల్‌కీ నల్ రాలేదు.

ఊరి పేర్లు ఇంకా జుల్మ్. విజయవాడ ఇంగ్లీషులో 10 అక్షరాలు. స్ట్రింగ్‌కి 24, లోపలి అక్షరాల అర్రేకి 32, కలిపి 56 బైట్లు. ఫైల్లో వరస చదివినప్పుడల్లా ఇంకో కొత్త విజయవాడ పుడుతోంది. తీరా చూస్తే ఊళ్లు రెండొందలు కూడా లేవు. ఇక ఫిర్యాదుల కోసం ప్రతి పార్సెల్‌కీ ఒక అర్రేలిస్ట్. అది ఖాళీగా ఉన్నా 24 బైట్లు.

అంతా కూడితే ఒక్కోటి 248 బైట్లు. 40 లక్షలకి 99 కోట్ల పైమాటే. 1 జీబీ అంటే 107 కోట్లు. ఇక పడిపోక ఏం చేస్తుంది!

అబ్బా నాప్ బుక్కు గుర్తొచ్చింది. చిలకలూరిపేటలో అబ్బాది టైలర్ షాపు. బుక్కు మొదటి పేజీలో కాలర్ల రకాలు, జేబుల రకాలు ఒక్కసారి బొమ్మ గీసి నంబర్లు వేసేవాడు. ఆ తర్వాత ఏ గిరాకీ పేజీలోనైనా 'కాలర్ 3, జేబు 2' అంతే. షేర్వానీకి ఎక్కువ వివరాలుంటే వేరే చీటీ పిన్ను కొట్టేవాడు, అదీ షేర్వానీ వాళ్లకే. చిన్నప్పుడు నేను ముద్దుగా ఉంటాయని ప్రతి పేజీకీ ఖాళీ చీటీలు పిన్ను కొడితే బుక్కు ఉబ్బి మూతపడలేదు. "ఖాలీ డబ్బా భీ జగా ఖాతా బేటా" అని అబ్బా ఒక్కొక్కటీ ఊడదీశాడు.

నేనూ అదే చేశా. అంకెలన్నీ మామూలు ఇంట్, లాంగ్ అయ్యాయి. ఊళ్లకి ఒకే పట్టిక, పార్సెల్‌లో 2 బైట్ల నంబర్లు. ఫిర్యాదు వస్తేనే లిస్ట్ పుడుతుంది. లేకపోతే లోపల నల్, అడిగినవాళ్లకి మాత్రం అందరికీ ఉమ్మడిగా ఉన్న ఒకే ఖాళీ లిస్ట్ ఇస్తా, వాళ్ల కోడ్ పాడవకుండా. ఇప్పుడు పార్సెల్ సరిగ్గా 40 బైట్లు, ఒక్క బైటు వృథా లేదు. మొత్తం 16 కోట్లు.

వెయ్యి ఆబ్జెక్టుల ప్రోగ్రాంకి ఇదంతా ఫుజూల్, ముందే చెప్తున్నా. ఊరి పేరు బదులు 117 అని కనబడితే కోడ్ చదివేవాడికి తలనొప్పి కూడా.

ఆ సాయంత్రం ఫోన్ మోగలేదు. గంజి తాగుతూ మూడుసార్లు తీసి చూసుకున్నా. రెన్యువల్ ఆర్నెల్లకి ఇచ్చారు, ఏడాదికి కాదు.

నిన్న మా టీమ్ పిల్లాడొకడు, "భాయ్, 'అర్జెంటా కాదా' అని ఒక బూలియన్ కలపనా? ఒక్క బైటేగా" అన్నాడు. ఒక్క బైటు కలిస్తే 40 కాస్తా 48. 40 లక్షలకి 3 కోట్ల 20 లక్షల బైట్లు. తేదీ అంకెలో ఖాళీగా ఉన్న బిట్లు కొన్ని ఉన్నాయి. దాన్ని అక్కడ ఇరికించాలా, వాడి మాటే వినాలా అని ఇంకా ఆలోచిస్తున్నా.