క్యామ్రీనా, లెక్ససా?

మా టీములో ఇద్దరు తెలుగువాళ్ళు. ఒకాయనది 2019 క్యామ్రీ వీ6, ఇంకొకాయనది అదే ఏడాది లెక్సస్ ఈఎస్ 350. లంచ్‌లో రోజూ ఇదే గోల. రెండిట్లో ఉన్నది ఒకే 3.5 లీటర్ల ఇంజను. దాంట్లో 301 హార్స్‌పవర్, దీంట్లో 302! ఆ ఒక్క గుర్రం కోసం ఇంత యుద్ధమా అని నవ్వుకునేవాణ్ణి.

పాత కారు కొందామని రెండూ నడిపి చూశా. లెక్సస్‌లో ఫ్రీవే మీద కూడా వెనకసీటు వాళ్ళతో గొంతు పెంచకుండా మాట్లాడొచ్చు. స్పెక్ షీట్లో ఇది కనపడదు (దాన్ని చూసేది మనలాంటి ఇంజనీర్లే లెండి). నాన్నకి కొంచెం వినికిడి తక్కువ, అందుకే మనసు లాగింది.

అయినా క్యామ్రీయే తీసుకుంటున్నా. ఆ తేడాతో అమ్మానాన్నల టికెట్లు వచ్చేస్తాయి. ఈ మాటే చెప్తే లెక్సస్ ఆయన, "ఎయిర్‌పోర్టుకి మాత్రం నా బండే తీస్కెళ్ళవోయ్" అన్నాడు.